టైరు మీద సుద్దగీత

మా అన్నయ్య కుడికాలు పాడైందన్న సంగతి నాకు అన్నయ్య చెప్పలేదు, వదిన చెప్పలేదు. కారు చెప్పింది. అదీ మెల్లగా కాదు, వదినని గుద్దేసినంత పని చేసి మరీ చెప్పింది.

అన్నయ్య సిటీ బస్సు డ్రైవరు. ఇరవై ఎనిమిదేళ్ళ సర్వీసు. ఇన్నేళ్ళలో ఆయన బండి ఎవర్నీ గీరింది లేదు, ఒక్కరోజు కూడా డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళింది లేదు. డిపోలో గోడ గడియారం ఆగిపోతే అన్నయ్య గేటు దాటే సమయానికి ముల్లు తిప్పుకుంటారని వదిన వేళాకోళం చేసేది. అలాంటి మనిషి ఎనిమిది నెలలుగా స్పర్శ సరిగ్గా తెలియని కాలితో రోజూ అరవైమందిని ఎక్కించుకుని తిరుగుతున్నాడని ఒక ఆదివారం పొద్దున నాకు తెలిసింది. సోమవారం ఐదున్నరకి మళ్ళీ బస్సు తియ్యాలి. మధ్యలో ఉన్నది ఒక్క పగలు. ఏం చెయ్యాలో తోచలేదు. తోచనప్పుడు నేను ఎప్పుడూ చేసే పనే చేశాను, పోట్లాడాను.

పోట్లాట నాకు కొత్త కాదు. లేతు మెషీను మీద ఇనుము కోసే పని నాది. రోజంతా ఇనుముతో వేగి వేగి మనుషులతో మెత్తగా మాట్లాడటం చేతకాకుండా పోయింది. ఇంట్లో నా పేరు పానా. అన్నయ్య పెట్టిన పేరే. చిన్నప్పుడు ఏది కనిపిస్తే అది విప్పి కుప్ప పోసేదాన్నట. విప్పడం సరే, బిగించడం ఎప్పుడు నేర్చుకుంటావే పానా అని ఇప్పటికీ అంటాడు, నేను బిగించిన కారులో కూర్చుని మరీ.

కారు పిచ్చి ఆయనదే. ఇంటి అరుగంత ఎత్తున కూర్చుని బస్సు నడిపి నడిపి మొహం మొత్తిందట, నేలకి జానెడు ఎత్తులో కూర్చుని నడిపే రెండు సీట్ల బండి కావాలట. షోరూములో కొనేది కాదు, మనం కట్టుకునేది. నాలుగేళ్ళ కిందట ఒక చెక్క పెట్టె వచ్చింది. అందులో ఫైబరు ఒళ్ళు, చదరపు గొట్టాల కట్ట, లావుపాటి పుస్తకం. ఇంజను, వెనక ఇరుసు ఒక పాత కారు తుక్కులోంచి పట్టుకొచ్చాం. మా వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డు వాడుకోమన్నాడు మా యజమాని. వెల్డింగు నాది, వైర్లు అన్నయ్యవి, సీట్లు కుట్టింది వదిన. వదిన దర్జీ. మనుషుల కొలతలు తీసినంత శ్రద్ధగా సీట్ల కొలతలు తీసి, మీ అన్నయ్య నడుం ఏడాదికో అంగుళం పెరుగుతోంది, అది కూడా లెక్క వేసి కుట్టాను అంది.

బండి తయారయ్యాక మొదటి వంద కిలోమీటర్లూ అన్నయ్యే నడపాలని ఒప్పందం. నేను పేచీ పెట్టలేదు. బండి సంగతి ఏదైనా మా ఇంట్లో అన్నయ్య కాలే కొలబద్ద. నాకు సైకిలు నేర్పింది ఆయన, స్కూటరు నేర్పింది ఆయన. క్లచ్చి జారుతోంది అని ఆయన అంటే జారుతున్నట్టే, విప్పి చూడక్కర్లేదు.

రిజిస్ట్రేషను తనిఖీకి తీసుకెళ్ళే ముందు మిగిలిన పని ఒక్కటే, బ్రేకులు సరిచెయ్యడం. ఇందులో పెద్ద బ్రహ్మవిద్య ఏమీ లేదు. ఈ కారులో బ్రేకు పెడల్ వెనక ఒక అడ్డకడ్డీ ఉంటుంది. దాని ఒక చివర ముందు చక్రాలకి నూనె తోస్తుంది, రెండో చివర వెనక చక్రాలకి. ఇద్దరు మనుషులు కర్రకి బరువు వేలాడదీసి మోస్తున్నారనుకోండి, బరువు ఎవరివైపు జరిగితే వాళ్ళ భుజం మీద ఎక్కువ పడుతుంది. అంతే. డాష్‌బోర్డు కింద ఒక మర ఉంది. దాన్ని ఇటు తిప్పితే ముందు చక్రాలకి బలం, అటు తిప్పితే వెనక చక్రాలకి బలం. గట్టిగా తొక్కినప్పుడు ముందు చక్రాలే ముందు బిగుసుకోవాలి. వెనకవి ముందు బిగుసుకున్నాయా, కారు తోక తలని దాటిపోవాలని చూస్తుంది.

మూతపడ్డ ఒక గోదాము ముందు పెద్ద సిమెంటు మైదానం ఉంది. దాని కాపలాదారు రోజూ అన్నయ్య బస్సులో వచ్చేవాడే కాబట్టి గేటు తీశాడు. కారు ఎంత దూరంలో ఆగిందో నేను చూసుకుంటాను, వదిన చక్రాలు చూస్తుంది. చూడటానికి ఉపాయం కూడా వదినదే. తన దర్జీ సుద్దతో ఒక్కో టైరు పక్కభాగం మీద అంచు నుంచి మధ్యకి లావుగా ఒక గీత గీసింది. చక్రం తిరుగుతుంటే ఆ గీత తెల్లటి మసకలా కనిపిస్తుంది. చక్రం బిగుసుకుంటే గీత గీతలా నిలబడుతుంది. ముందు గీత ఆగిందా, వెనక గీత ఆగిందా చెప్పడమే వదిన పని. బట్ట మీద వెంట్రుకవాసి తేడా పట్టే కళ్ళు, వాటిని కాదనేవాళ్ళు లేరు.

మొదటి ఆదివారం అన్నయ్య యాభై స్పీడులో వచ్చి తొక్కాడు. కారు ఆగింది, చాలా దూరం వెళ్ళి ఆగింది. వదిన ఏ గీతా ఆగలేదంది. అన్నయ్య దిగకుండానే వెనక నిద్రపోతోంది, వెనక్కి తిప్పవే అన్నాడు. ఒక చుట్టు తిప్పాను. మళ్ళీ వచ్చాడు, మళ్ళీ ఏ గీతా ఆగలేదు. ఇంకో చుట్టు. రెండో ఆదివారం నూనెలో గాలి చిక్కుకుందేమోనని గొట్టాలన్నీ వదులు చేసి గాలి తీశాను. బ్రేకు బిళ్ళలు మార్చాను. గీత ఆగలేదు. నాలుగో ఆదివారానికి మొత్తం ఏడు చుట్లు వెనక్కి తిప్పి ఉన్నాను.

పుస్తకంలో ఉంది. గట్టిగా తొక్కితే బరువంతా ముందుకి తూలి వెనక తేలిపోతుంది, వెనక చక్రాలకి ఎక్కువ ఇవ్వకండి అని స్పష్టంగా రాసి ఉంది. ఆ వాక్యం కింద నేను పెన్సిలుతో గీసుకున్నాను కూడా. అయినా పుస్తకం మాట కన్నా అన్నయ్య కాలి మాట మీద నాకు గురి. ఇంకొకరైతే మూడో చుట్టు దగ్గర ఆగి, ఒకసారి నువ్వు దిగు, నేను తొక్కి చూస్తాను అనేవాళ్ళు. నాకు ఆ మాట తోచనే లేదు. తప్పు నాదే.

నాలుగో ఆదివారం పొద్దున తొమ్మిదింటికి అన్నయ్య ఆరుసార్లు తొక్కి, కారు దిగి, తలుపు ధడాలున వేసి, ఇనుము కోయడం వేరు, బ్రేకులు చెయ్యడం వేరు అన్నాడు. ఆ మాట ఇంకెవరన్నా పడి ఉండేదాన్నేమో. అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన్ని పక్కకి తప్పుకోమని కారెక్కాను. వంద కిలోమీటర్ల ఒప్పందం ఆయనకి గుర్తొచ్చి నోరు తెరిచేలోపు మైదానం చివరికి వెళ్ళిపోయాను.

యాభై దాటింది. వదిన తన చోట నిలబడి ఉంది, కారు దారికి ఇరవై అడుగుల పక్కన. నా కోపమంతా పెడల్ మీద పెట్టి తొక్కాను.

ఆ తర్వాత జరిగింది నేను చెయ్యలేదు, నాకు జరిగింది. స్టీరింగు చేతిలో గాలిలా తేలిపోయింది. గోదాము తలుపులు కుడి నుంచి ఎడమకి జరిగిపోయాయి, గేటు జరిగిపోయింది, మళ్ళీ గోదాము వచ్చింది. ఎక్కడో మధ్యలో వదిన మొహం అద్దం నిండా కనిపించి పోయింది. ఇంజను ఆగిపోయి అంతా నిశ్శబ్దమయ్యాక తల తిప్పి చూశాను. కారు తోకకీ వదినకీ మధ్య చెయ్యి చాపితే అందేంత దూరం ఉంది. వదిన అంగుళం కదల్లేదు. కదలడానికి వ్యవధి లేదు. చేతిలో సుద్ద రెండు ముక్కలైంది.

"వెనక గీత," అంది వదిన. "వెనక గీత ముందు ఆగింది. చెప్పమన్నావుగా."

కారు దిగి వదిన చెయ్యి పట్టుకున్నాను. ఆవిడ నా భుజం తట్టింది. నన్నే ఓదారుస్తోంది, చూడండి. అప్పుడే వెనక నుంచి చప్పుడు వినిపించింది. అన్నయ్య పరుగెత్తుకొస్తున్నాడు. ఎడమకాలు మామూలుగానే పడుతోంది. కుడిపాదం మాత్రం ముందు వేళ్ళు నేలకి రాసుకుని, ఆ తర్వాత చెప్పు విసిరినట్టు టప్పున పడుతోంది. ఆ కాస్త దూరంలో రెండుసార్లు తూలాడు. అన్నయ్య పరుగెత్తడం నేను చూసి ఎన్నాళ్ళయిందో లెక్క పెట్టుకుంటే గుర్తు రాలేదు.

కోపం వచ్చినప్పుడు నా బుర్ర పనిచెయ్యదు, భయం వేసినప్పుడు పనిచేస్తుంది. సిమెంటు మీద చూశాను. నల్లటి చారలు రెండే ఉన్నాయి, రెండూ వెనక టైర్లవి. ఇదే కారు, ఇదే మర, ఇదే ఏడు చుట్లు. పది నిమిషాల కిందట అన్నయ్య తొక్కితే ఒక్క చక్రం కూడా బిగుసుకోలేదు. నేను తొక్కితే బొంగరంలా తిరిగింది. మధ్యలో మారింది ఒక్కటే, తొక్కిన కాలు. నాలుగు ఆదివారాలుగా నేను బ్రేకుల్ని సరిచెయ్యలేదు. ఒక చచ్చుకాలికి తగ్గట్టు కారుని చెడగొట్టుకుంటూ వచ్చాను.

అన్నయ్య వదినని తలనుంచి కాళ్ళదాకా చూసి, దెబ్బలేం తగల్లేదని రూఢి చేసుకుని, నా మీద పడ్డాడు. అంత పిచ్చిగా ఎవరు తొక్కమన్నారన్నాడు.

"ఎన్నాళ్ళయింది?" అన్నాను.

"ఏది ఎన్నాళ్ళు?"

"కాలు."

వదిన అన్నయ్య బూట్లకేసి చూసింది. కుడి బూటు ముందు భాగం అరిగిపోయి లోపలి బట్ట కనిపిస్తోంది. ఆ బూటుకి తను రెండుసార్లు అతుకు వేయించింది, రెండుసార్లూ బూటునే తిట్టింది. ఆ సంగతి తర్వాత చెప్పింది.

అన్నయ్య మొదట ఏమీ లేదన్నాడు, తర్వాత నడుంనొప్పి అన్నాడు, తర్వాత గోదాము మెట్ల మీద కూర్చుని అసలు మాట చెప్పాడు. ఎనిమిది నెలల కిందట నడుం పట్టేసిందట. నొప్పి తగ్గింది కానీ మోకాలి కింద నుంచి తిమ్మిరి ఉండిపోయింది. పాదం ఎత్తితే సగమే లేస్తుంది. ఊరికి ఆ చివర ఒక డాక్టరు దగ్గరికి ఒక్కడే వెళ్ళాడట. నరం నలిగిందని, బండి నడపొద్దని ఆయన అన్నాడట. డిపోలో ఏటా జరిగే వైద్య పరీక్షలో కళ్ళు చూస్తారు, రక్తపోటు చూస్తారు, కాలు ఎత్తమని ఎవరూ అడగరు. ఇంకా రెండున్నరేళ్ళు సర్వీసు ఉంది.

నేను నోటికొచ్చినట్టు మాట్లాడాను. ఏమేం అన్నానో మళ్ళీ చెప్పుకోవడానికి నాకే సిగ్గు. అన్నయ్య అంతా విని తాపీగా ఒక మాట అన్నాడు.

"బస్సుకి ఉన్నవి గాలి బ్రేకులు. నీ కారులోలాగా తొక్కక్కర్లేదు. కాలు ఊరికే ఆనిస్తే చాలు, మిగతాది గాలి చూసుకుంటుంది. ఈ ఎనిమిది నెలల్లో నా బస్సు ఎక్కడన్నా ఆగకుండా పోయిందా?"

ఆయన చెప్పింది నిజం. మా కారులో సాయం చేసే యంత్రం ఏదీ లేదు, మనిషి కాలి బలమే బ్రేకు బలం. అందుకే కాలి గుట్టు ఇక్కడ బయటపడింది, బస్సులో దాగింది. అన్నయ్య మొహంలో గెలిచినవాడి ధీమా కనిపించింది. నాకు కాస్త ఊరట కలిగింది కూడా, అబద్ధం ఎందుకు చెప్పాలి. బలమే కదా లేనిది, బస్సుకి బలం అక్కర్లేదు కదా అని మనసు అప్పుడే సర్దుకోవడం మొదలుపెట్టింది. ఈ రాత్రికి హాయిగా నిద్రపోవచ్చు.

వదిన లేచి వెళ్ళి తన సంచీ తెచ్చుకుంది. అందులోంచి రెండు సుద్దలు తీసింది, ఒకటి తెల్లది, ఒకటి నీలంది. కారు తలుపు తీసి వంగి, బ్రేకు పెడల్ రబ్బరంతా తెల్లసుద్ద మెత్తింది. పక్కనున్న యాక్సిలరేటరుకి నీలంసుద్ద మెత్తింది. అన్నయ్యని పిలిచి సీట్లో కూర్చోమంది. కుడి బూటు అడుగు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టింది. ఇదంతా ఎవరికో జాకెట్టు కొలత తీస్తున్నట్టు చేసింది.

"కాలు కింద పెట్టుకోండి. నేను చప్పట్లు కొట్టినప్పుడు బ్రేకు తొక్కి మళ్ళీ కింద పెట్టండి. కిందకి చూడొద్దు, నన్ను చూడండి," అంది.

అన్నయ్య నవ్వాడు. డ్రైవింగు లైసెన్సు నువ్విస్తావా ఏమిటి అన్నాడు. కూర్చున్నాడు మాత్రం. వదిన కారు ముందు నిలబడి పదిసార్లు చప్పట్లు కొట్టింది, ఒకసారి వెంటనే, ఒకసారి ఆలస్యంగా. ప్రతిసారీ అన్నయ్య ఇదుగో అన్నట్టు తల ఊపాడు. ఒక్కసారి కూడా ఆయన మొహంలో అనుమానం లేదు. నేను ఆయన మొహాన్నే చూశాను, కాలికేసి చూడటానికి ధైర్యం చాల్లేదు.

వదిన వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని ఆయన కాలు ఒళ్ళోకి తీసుకుని బూటు అడుగు పైకి తిప్పింది. తెల్లటి మచ్చలు వేళ్ళ దగ్గర ఉన్నాయి, మధ్యలో ఉన్నాయి, ఒకటి మడమ దగ్గర కూడా ఉంది. వాటి పక్కన నీలం మచ్చలు మూడు.

"మూడుసార్లు," అంది వదిన.

అన్నయ్య బూటు విప్పి చేతిలోకి తీసుకున్నాడు. నీలం మచ్చని బొటనవేలితో రుద్ది, వేలిని చూసుకున్నాడు. తర్వాత, మమ్మల్ని చూడకుండానే, పోయిన నెల సంగతి చెప్పాడు. ఒకామె సంచీతో రోడ్డు దాటుతోందట. బ్రేకు తొక్కాననుకున్నాడట, బస్సు ముందుకి ఉరికిందట. అప్పుడు కిందకి చూసి కాలు వెతుక్కుని తొక్కాడు. ఆమెకీ బస్సుకీ మధ్య మూరెడు మిగిలింది. ఆమె తిట్టుకుంటూ పోయింది, బస్సులో వాళ్ళంతా ఆమెనే తిట్టారు, ఆయన కూడా తిట్టాడు. ఆ సాయంత్రానికల్లా తప్పు ఆమెదేనని తనే నమ్మేశాడట.

ఇంకేం మిగిలింది అనుకున్నాను. రేపు సెలవు చీటీ పంపించు, మేనేజరుకి చెప్పు, కాలికి వైద్యం చేయించుకో అన్నాను. అన్నయ్య తల అడ్డంగా ఊపాడు. రేపు ఒక్కరోజు వెళ్ళి, మెల్లగా ఆలోచించి చెప్తానన్నాడు. ఆ మెల్లగా ఎనిమిది నెలలది, నాకు తెలుసు.

"రేపు ఆ సీట్లో కూర్చున్నావంటే నేనే వెళ్ళి మేనేజరుకి చెప్తాను," అన్నాను.

"చెప్పు. స్టీరింగు తీసేసి టైంకీపరు గదిలో పడేస్తారు. వెళ్ళే బస్సులకి టైము రాసుకుంటూ కూర్చుంటాను. నీ కళ్ళు చల్లబడతాయి." లేచి నిలబడ్డాడు. "బస్సు లేకపోతే నేనెవర్నే పానా? చెప్పు, ఎవర్ని?"

మామూలుగా అయితే కాని మాటేదో ఒకటి అనేదాన్ని. ఆ గొంతు విన్నాక అనలేకపోయాను. అన్నయ్య బూటు తొడుక్కుని గేటువైపు నడిచాడు. కుడికాలు అడుగడుక్కీ నేలని రాస్తూనే ఉంది. మా ముందు ఇక దాచక్కర్లేదు కాబట్టి దాచే ప్రయత్నం కూడా చెయ్యలేదు. అదే నాకు ఎక్కువ బాధేసింది.

మేమిద్దరం మిగిలాం. కారుని అలా వదిలి వెళ్ళలేను. నేను ఇచ్చిన ఏడు చుట్లూ మళ్ళీ ముందు చక్రాలవైపు తిప్పేశాను. వదినని గేటు దగ్గరికి వెళ్ళి నిలబడమంటే నాలుగడుగులు వెనక్కి వేసి అంతకన్నా వెళ్ళనంది, దూరం నుంచి గీత కనిపించదంది. ముప్పైలో తొక్కాను, నలభైలో తొక్కాను, ధైర్యం కూడగట్టుకుని యాభైలో తొక్కాను. ముందు గీత అంది వదిన. కానీ వెనక చక్రాలు అసలు పనిచెయ్యనట్టుంది. ఒక చుట్టు వెనక్కి ఇచ్చాను. ముందు గీత. ఇంకో అర చుట్టు. ముందు గీత ఆగింది, వెంటనే వెనక గీత కూడా ఆగబోయింది అంది వదిన. అక్కడ ఆపి, మర కదలకుండా నట్టు బిగించాను. నాలుగు ఆదివారాల పని నలభై నిమిషాల్లో అయిపోయింది. కారు ఇంత తిన్నగా ఆగడం చూసి గంతులెయ్యాల్సిన మాట. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

షెడ్డుకి తాళం వేస్తుంటే వదిన, రేపు పొద్దున నువ్వు రావాలి అంది. తను చెప్తే ఆయనకి కోపం వస్తుందట, నేను చెప్తే సిగ్గు వస్తుందట. నేను మేనేజరుకి చెప్తే జన్మలో మొహం చూడడు అన్నాను. ఆ మాటకి వదిన సంచీ భుజానికి తగిలించుకుని, చూడకపోయినా ఫర్వాలేదు అంది.

సోమవారం పొద్దున ఐదు కాకముందే వాళ్ళ వీధి చివర బస్‌స్టాపులో నిలబడ్డాను. వెలుగు ఇంకా పూర్తిగా రాలేదు. అన్నయ్య యూనిఫాం వేసుకుని వచ్చాడు. జేబు మీద బ్యాడ్జి ఉంది. బూట్లకి పాలిషు చేసుకున్నాడు, అరిగిన చోట కూడా నలుపు పులిమాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. టీ తాగావా అని అడిగాడు. తాగలేదన్నాను. డ్యూటీకి వెళ్తున్నావా అని నేను అడగలేదు, వెళ్తున్నానని ఆయన చెప్పలేదు. రాత్రంతా సిద్ధం చేసుకున్న మాటలు నాలుక మీదే ఉన్నాయి. డిపో గేటు దగ్గర మొదలుపెడదామనుకున్నాను.

మొదటి బస్సు వచ్చింది. నడిపేది అన్నయ్యతో పాటే చేరిన బొంగురుగొంతు డ్రైవరు. ఇద్దరూ చెయ్యెత్తి పలకరించుకున్నారు. డ్రైవరు సీటు వెనక రెండు సీట్లలో కూర్చున్నాం. అద్దంలోంచి రోడ్డంతా కనిపిస్తోంది. బస్సు నిండింది, ముందు నలుగురైదుగురు కడ్డీ పట్టుకుని నిలబడ్డారు.

డ్రైవర్లకి ఒక అలవాటుంది. ఇంకొకరు నడుపుతున్న బండిలో కూర్చున్నా వాళ్ళ కాలు ఊరుకోదు, ఆపాల్సిన చోటల్లా నేలని తొక్కుతూనే ఉంటుంది. చిన్నప్పటి నుంచి నేను అన్నయ్యని ఈ విషయంలో ఏడిపించేదాన్ని, రిక్షాలో కూడా బ్రేకు వేస్తావని. మొదటి స్టాపు వచ్చింది. బస్సు ఆగింది. ఆగాక అన్నయ్య కుడికాలు నేలని తొక్కింది. రెండో స్టాపులోనూ అంతే. నేను కిందకి చూస్తున్నాను. ఆయన రోడ్డు చూస్తున్నాడు.

మూడో స్టాపు దాటాక ఒక సైకిలువాడు పక్క సందులోంచి చటుక్కున అడ్డం వచ్చాడు. డ్రైవరు బ్రేకు కొట్టాడు. నిలబడ్డవాళ్ళంతా ముందుకి తూలారు. ఒకావిడ సంచీ జారి కింద పడింది. సైకిలువాడు చెయ్యూపుకుంటూ వెళ్ళిపోయాడు. తూలినవాళ్ళు సర్దుకుని నిలబడ్డారు, ఆవిడ సంచీ తీసుకుంది. అప్పుడు అన్నయ్య కాలు నేలని తొక్కింది.

ఈసారి ఆయన కూడా చూశాడు. తన మోకాలి మీద చెయ్యి వేసి, పరాయివాడి కాలుని చూసినట్టు దాన్ని చూశాడు. బస్సు మళ్ళీ కదిలింది. తర్వాతి స్టాపుల్లో ఇంక రోడ్డు చూడలేదు, కాలునే చూస్తూ కూర్చున్నాడు. ప్రతి స్టాపులోనూ అది వచ్చింది. ఒక్కచోట కూడా సమయానికి రాలేదు.

డిపో గేటు దాటి దిగాం. అన్నయ్య బస్సు తన వరసలో అద్దాలు తుడిచి సిద్ధంగా నిలబడి ఉంది. నేను నోరు తెరవబోయాను. అన్నయ్య చెయ్యి అడ్డం పెట్టి, నువ్విక్కడే ఉండు, నేను చెప్పుకుంటాను అన్నాడు. బస్సు పక్క నుంచి వెళ్తూ దాని ముందుభాగం మీద ఒకసారి అరచెయ్యి ఆనించి, ఆగకుండా మేనేజరు గదికేసి నడిచాడు. తలుపు తెరిచే ఉంది. మేనేజరు గోడ గడియారం చూసి, ఏంటయ్యా, ఇవాళ కూడా పది నిమిషాలు ముందే అన్నాడు.

అన్నయ్య బ్యాడ్జి విప్పి బల్ల మీద పెట్టాడు.

"ఇవాళ నా బండి ఇంకొకరికి ఇవ్వండి సార్," అన్నాడు. "నా కాలు ఆలస్యంగా వస్తోంది."